నోటు మురిగిపోకముందే: ఆగస్టు 15 లోపు మీరు చేయాల్సింది

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. తొందరగా జవాబు ఇవ్వాల్సిన ప్రశ్న కాబట్టి రాత్రే కూర్చుని రాస్తున్నాను.

ముందు మీ విషయం నాకు అర్థమైనంత వరకు చెప్తాను, ఎక్కడైనా తప్పుంటే సరిదిద్దండి. మీ ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ వచ్చిన డబ్బులోంచి 4 లక్షలు తన చిన్నాన్న కొడుక్కి ఇచ్చారు, ఆదోనిలో పత్తి వ్యాపారానికి. 2023 ఆగస్టు 15న, జెండా పండుగ రోజు, ఆదోనిలో వాళ్లింట్లోనే ప్రామిసరీ నోటు రాయించుకున్నారు. నూటికి రెండు రూపాయల వడ్డీ. సంతకం చేసిన ఖాళీ చెక్కు కూడా ఒకటి తీసుకున్నారు. 2024 జనవరిలో 24 వేలు చేతికి ఇచ్చాడు, 2025 ఫిబ్రవరిలో ఫోన్‌పేలో 20 వేలు వేశాడు. ఆ తర్వాత మీ ఆయన పోయారు. ఇప్పుడు మీరు అడిగితే మీ మరిది "వదినా, నేనెక్కడికి పోతాను, పత్తి రేటు రానీ, జాతర అయ్యాక కూర్చుందాం" అంటున్నాడు. ఎమ్మిగనూరు జాతర జనవరిలో. నోటుకు మూడేళ్లు నిండేది ఆగస్టులో. ఇవాళ్టికి మీ చేతిలో ఆరు వారాలు కూడా లేవు.

ఆదోని, కర్నూలు కోర్టుల్లో ఇరవై ఏడేళ్లుగా ఇవే కేసులు చూస్తున్నాను. డబ్బు పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది మోసగాడి చేతిలో పోగొట్టుకోలేదు. మొహమాటం వల్ల పోగొట్టుకున్నారు. మా అమ్మే అందుకు సాక్ష్యం. గేదెలు అమ్మిన డబ్బు 18 వేలు మా వీధిలో ఒకరికి ఇచ్చి, నోటు తన పెళ్లి చీర మడతలో పెట్టి ట్రంకు పెట్టెలో దాచింది. "వాళ్ల పిల్ల పెళ్లి కానీ, వాళ్ల బోరు పడనీ" అంటూ నాలుగేళ్లు గడిపింది. నేను లా చదువుతూ ఊరికి వచ్చినప్పుడు ఆ నోటు నా చేతిలో పెట్టింది. దావా గడువు దాటి మురిగిపోయి పది నెలలైంది. అడగడానికి వెళ్తే ఆయన కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, నోటుకు కాలం తీరిపోయింది కదమ్మా అన్నాడు. తేదీ ఆయనకు గుర్తుంది, మా అమ్మకే గుర్తు లేదు. ఆ తర్వాత మా అమ్మ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అసలు సంగతి. కోరినప్పుడు చెల్లించాలి అని రాసుకున్న నోటుకు, అది రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. మీరు ఎప్పుడు అడిగారు, అతను ఎప్పుడు ఎగ్గొట్టాడు అన్నది లెక్కలోకి రాదు. నోటు రాసిన రోజును వదిలేసి లెక్క వేస్తారు, కాబట్టి 2026 ఆగస్టు 15తో మీ గడువు తీరుతుంది. ఆ రోజు స్వాతంత్ర్య దినం, శనివారం. మర్నాడు ఆదివారం. కోర్టుకు సెలవున్న రోజు గడువు తీరితే, తెరిచిన రోజు దావా వేయొచ్చని చట్టంలో ఉంది, అంటే సోమవారం 17. కానీ ఆ సోమవారాన్ని నమ్ముకుని కూర్చోకండి. దావాలో ఏ కాగితమో తక్కువైందని వాపసు వస్తే సరిచేసుకోవడానికి నాలుగు రోజులు ఉండాలి. నా దగ్గరికి వచ్చినవాళ్లకు నేను నెల ముందు తేదీ చెప్తాను.

ఇప్పుడు ఆ నోటు తిప్పి వెనక వైపు చూడండి. "10-1-2024 రూ. 24,000 వడ్డీ జమ" అని ఉందని, అది మీ ఆయన చేతిరాత అని రాశారు. కింద మీ మరిది సంతకం ఉందా? లేదన్నారు. మీ కేసుకు ప్రాణం ఇక్కడే ఉంది. బాకీ ఉన్న మనిషి గడువు లోపల కొంత డబ్బు కట్టి, కట్టినట్టు తన చేత్తో రాస్తే, లేదా ఎవరో రాసినదాని కింద తాను సంతకం పెడితే, ఆ చెల్లించిన రోజు నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. అప్పు ఇచ్చినవాడు తన నోటు మీద తానే జమ రాసుకుంటే గడువు ఒక్క రోజు కూడా పెరగదు. మీ ఆయన నిజాయితీగానే రాసుకున్నారు, డబ్బు అందింది కాబట్టి రాశారు. కానీ గడువు విషయంలో కోర్టు చూసేది బాకీదారు చేవ్రాలు. మన జిల్లాలో నోట్ల వెనక జమలు తొంభై పాళ్లు ఇలాగే ఉంటాయి, చూసినప్పుడల్లా నాకు కడుపులో తిప్పినట్టవుతుంది.

ఫోన్‌పేలో వచ్చిన 20 వేల సంగతీ అంతే. ఆ డబ్బు అతని ఖాతా నుంచి వచ్చిందని బ్యాంకు స్టేట్‌మెంటు చెప్తుంది, లావాదేవీ ఉందనడానికి అది మంచి ఆధారం. కానీ అక్కడ అతని సంతకం లేదు, ఈ బాకీ కింద కడుతున్నానని రాత లేదు. దాన్ని పట్టుకుని గడువు 2028 దాకా ఉందని ఎవరైనా అంటే నమ్మకండి. వాట్సాప్‌లో "వదినా తప్పకుండా ఇస్తా" అని పంపిన మెసేజీలు కూడా డిలీట్ చేయకుండా ఉంచండి, ఫోను మార్చకండి. అవి కేసులో పనికొస్తాయి. గడువు మాత్రం వాటి మీద నిలబెట్టకండి.

అందుకే ముందు చేయాల్సిన పని కోర్టుకు వెళ్లడం కాదు. ఈ వారంలోనే, మీ అబ్బాయినో మీ అన్నయ్యనో తోడు తీసుకుని, ఆదోని వెళ్లి మీ మరిదిని కలవండి. గొడవ వద్దు. "నాయనా, నీ మీద నమ్మకం లేక కాదు, నోటుకు కాలం దగ్గర పడింది, నా పేర తిరగరాసి ఇవ్వు, డబ్బు నీకు వీలైనప్పుడే ఇద్దువు" అని అడగండి. ఇవ్వాలనే మనసున్న మనిషికి దీంట్లో నష్టం ఏమీ లేదు. కొత్త నోటు రాస్తే మీకు రెండు లాభాలు. మళ్లీ మూడేళ్లు గడువు వస్తుంది. నోటు మీ పేరు మీద ఉంటుంది కాబట్టి, మీ ఆయన వారసులమని నిరూపించుకునే తంటా తప్పుతుంది. ఆ తంటా గురించి కింద చెప్తాను.

కొత్త నోటులో పాత సంగతి తప్పకుండా రాయించండి. 15-8-2023 తేదీన ఫలానా వారికి, అంటే మీ ఆయన పేరు, రాసి ఇచ్చిన నోటు తాలూకు అసలు, వడ్డీ బాకీ ఇంత తేలినందున, వారి భార్య అయిన మీకు ఈ నోటు రాసి ఇస్తున్నాను, నెల ఒకటికి నూటికి ఇంత వడ్డీతో మీరు కోరినప్పుడు మీకు గానీ మీ ఆర్డరు పొందినవారికి గానీ చెల్లించగలవాడను. ఈ "ఆర్డరు పొందినవారికి" అన్న మాట అచ్చు నోట్లలో ఉంటుంది, కొట్టేయకండి. రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం దాని మీదుగా పోయేలా పెట్టించండి. స్టాంపు లేని నోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, తర్వాత జరిమానా కట్టి సరిచేసుకుందామన్నా నోటు విషయంలో కుదరదు. ఇద్దరు సాక్షులు ఉంటే మంచిది. నోటు చెల్లడానికి సాక్షులు తప్పనిసరి కాదు గానీ, రేపు "ఇది నా సంతకం కాదు" అంటే వాళ్లే ఆదుకుంటారు.

కొత్త నోటుకు ఒప్పుకోకపోతే కనీసం ఒక 5 వేలైనా తీసుకుని, పాత నోటు వెనక అతని చేత్తోనే జమ రాయించండి. తేదీ, మొత్తం, ఈ నోటు బాకీ కింద మీకు చెల్లించినట్టు, సంతకం. నాలుగు ముక్కలు చాలు. డబ్బు లేదంటే, ఈ బాకీ ఉన్న మాట నిజమేనని గడువు లోపల రాసి సంతకం పెట్టిన ఉత్తరమైనా పనికొస్తుంది. వీటిలో ఏదీ ఇవ్వనన్నాడంటే ఆ మనిషి మనసు మీకు తెలిసిపోయినట్టే. ఆ సాయంత్రమే వకీలు దగ్గరికి వెళ్లండి.

పెద్దమనుషుల్లో పెడదాం, లాయరు నోటీసు పంపిద్దాం అని మీ తమ్ముడు అన్నారట. రెండూ చేయండి, తప్పులేదు. కానీ పంచాయితీ నడుస్తోందని గడువు ఆగదు. నోటీసు పంపితే ఆగదు. లోక్ అదాలత్‌లో దరఖాస్తు పెట్టుకున్నా ఆగదు. పోలీసు స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చినా ఆగదు. మీ ఆయన చనిపోయినా ఆగలేదు, మొదలైన కాలం నడుస్తూనే ఉంది. కోర్టులో దావా పడ్డ రోజే ఆగుతుంది. నోటీసుకు జవాబు వస్తుందేమోనని ఎదురుచూస్తూ ఆగస్టు దాటించుకున్నవాళ్లను నేను చూశాను. స్టేషన్‌కు వెళ్తే వాళ్లు ఇది సివిల్ వ్యవహారం అంటారు, ఆ మాట నిజమే కూడా. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశంతో తీసుకున్నాడని చూపగలిగితేనే చీటింగ్ కేసు నిలుస్తుంది. రెండు సార్లు వడ్డీ కట్టిన మనిషి మీద అది నిలబడడం కష్టం.

ఇక మీరు అడగనిది, కానీ తెలియాల్సింది. నోటు మీ ఆయన పేర ఉంది, ఆయన లేరు. చనిపోయిన మనిషికి రావాల్సిన బాకీ మీద వారసులకు డిక్రీ, అంటే డబ్బు కట్టమనే తీర్పు ఉత్తర్వు, ఇవ్వాలంటే కోర్టు సక్సెషన్ సర్టిఫికెట్ (వారసత్వ పత్రం) అడుగుతుంది. అది రావడానికి నెలలు పడుతుంది, పేపరు ప్రకటన, అభ్యంతరాలు అన్నీ ఉంటాయి. అది వచ్చాక దావా వేద్దామని కూర్చుంటే మునిగిపోతారు. దావా వేయడానికి ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు, తీర్పు నాటికి చేతిలో ఉంటే చాలు. రెండు పనులూ పక్కపక్కన నడపాలి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం మీ తహసీల్దారు ఆఫీసులో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, డెత్ సర్టిఫికెట్ నాలుగు కాపీలు ఉంచుకోండి.

వారసులంటే మీరు, మీ పిల్లలు మాత్రమే అనుకుంటున్నారు. మీ అత్తగారు ఉన్నారని రాశారు. హిందూ వారసత్వ చట్టంలో కొడుకు ఆస్తిలో తల్లికీ భార్యా పిల్లలతో సమానంగా ఒక వాటా ఉంది. పెళ్లయిన మీ అమ్మాయికీ ఉంది. దావాలో అందరూ వాదులుగా ఉండాలి. మీ అత్తగారిని ఇప్పుడే కూర్చోబెట్టి విషయం చెప్పండి. ఆమె కాదు కూడదంటే ప్రతివాదిగా చేర్చవచ్చు, కానీ ఆ పరిస్థితి రానివ్వకండి. అవతల ఉన్నది ఆమె మరిది కొడుకు కదా, ఎవరో ఒకరు ఆమె చెవిలో ఏదో ఒకటి వేస్తారు. మీరే ముందు మాట్లాడటం మేలు.

నోటు రాసే ఆయన ఒకరు "2023లో 3ని 5 చేస్తే సరి" అన్నారని రాశారు. అమ్మా, ఆ ఆలోచన దగ్గరికి కూడా పోకండి. తేదీ దిద్దిన నోటు మొత్తంగా చెల్లదు, పైగా ఫోర్జరీ కేసు మీ మీదికి వస్తుంది. న్యాయంగా రావాల్సిన 4 లక్షలు ఒక్క గీతతో పోతాయి. అతని చేతిలో జిరాక్సు ఉంటే ఇంకేం కావాలి? నోటును లామినేషన్ చేయించకండి, పంచింగ్ వేయకండి, పిన్ను కొట్టకండి, దాని మీద మీరు ఒక్క అక్షరం రాయకండి. ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో ఉంచండి. మీ మరిది ఇంటికి వెళ్లేటప్పుడు కొత్త నోటు రాయిస్తారన్న నమ్మకం ఉన్నా పాత నోటు మీ అబ్బాయి జేబులోనే ఉండాలి. "ఏదీ చూడనీ వదినా" అంటే జిరాక్సు చూపించండి.

ఖాళీ చెక్కు సంగతి. సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కును తీసుకున్నవాళ్లు నింపినా చెల్లుతుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది, నిజమే. అలాగని మీరు ఇంట్లో కూర్చుని 4 లక్షలో ఏడు లక్షలో రాసి బ్యాంకులో వేయకండి. మధ్యలో డబ్బు కట్టి ఉంటే, అది తగ్గించకుండా మొత్తానికి చెక్కు వేస్తే కేసు వీగిపోతుందని 2022లో అదే కోర్టు చెప్పింది. పైగా ఇక్కడ చెక్కు ఇచ్చింది మీ ఆయనకు. దీని మీద వెళ్లాలంటే వకీలు చూసి లెక్క కట్టాకే. వెళ్తే గడువులు గట్టివి. చెక్కు బౌన్స్ అయిందని బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, నోటీసు అందాక అతనికి 15 రోజులు టైం, అది దాటిన నెల లోపల కోర్టులో కంప్లయింట్ వేయాలి. నన్నడిగితే మీకు నోటు దావా గొడుగు, చెక్కు చేతికర్ర. గొడుగు ముందు పట్టుకోండి.

"క్యాష్‌గా ఇచ్చాం, కేసు వేస్తే ఇన్‌కం ట్యాక్స్ వాళ్లు మా మీద పడతారా" అని టెన్షన్ పడుతున్నారు. 20 వేలు, ఆపైన అప్పును నగదుగా తీసుకోకూడదన్న నిబంధన తీసుకునేవాడి మీద ఉంది, పెనాల్టీ పడితే అతనికి పడుతుంది. మీరు చూపాల్సింది ఆ డబ్బు ఎక్కడిది అన్నది. మీ ఆయన రిటైర్మెంట్ డబ్బు బ్యాంకులో పడింది, ఆగస్టు 11న 4 లక్షలు డ్రా చేశారు, పాసుబుక్‌లో ఉంది అన్నారు. ఇంతకంటే ఏం కావాలి? అప్పు ఇచ్చే స్తోమత మీకు ఉందా అని అవతలి వకీలు తప్పకుండా అడుగుతాడు, ఆ పాసుబుక్కే జవాబు. తిరిగి తీసుకునే డబ్బు మాత్రం బ్యాంకు ద్వారానే తీసుకోండి.

వడ్డీ మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం, మూడేళ్లకు 2,88,000. అందులో వచ్చిన 44 వేలు తీసేసినా చాలా కనిపిస్తుంది. కానీ కోర్టుకు ఆ వడ్డీ ఎక్కువనిపిస్తే తగ్గించే అధికారం ఉంది, అప్పు తీసుకున్నవాడు రైతునని నిరూపించుకుంటే ఇంకా తగ్గుతుంది. డిక్రీ వచ్చాక చాలా కేసుల్లో 6 శాతమే వేస్తారు. అందుకే మధ్యలో అతను అసలు, దాని మీద రూపాయి వడ్డీ ఇస్తానని రాజీకి వస్తే కోపం పెట్టుకోకుండా ఆలోచించండి. దావా వేశాక లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది.

ఫీజుకు డబ్బు లేదని వెనకాడకండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది, లేదంటే 15100కు ఫోన్ చేయండి. అక్కడ వకీలును ఇస్తారు. గడువు తేదీ మొదటి మాటలోనే చెప్పండి, దరఖాస్తు మీద కూడా పైన రాయండి. మీ మరిది ఉండేది, నోటు రాసింది ఆదోనిలో కాబట్టి దావా అక్కడే.

చివరగా, అతను బైపాస్ పక్కన సైటు అమ్మకానికి పెట్టాడని విన్నామన్నారు. అది పుకారో నిజమో ముందు తేల్చుకోండి. సర్వే నంబరు తెలిస్తే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద లావాదేవీల పత్రం) తీయండి, ఇంకా అతని పేరే ఉందా, బ్యాంకు తాకట్టు ఉందా తెలుస్తుంది. నిజంగానే అమ్ముతుంటే దావాతో పాటే తీర్పుకు ముందు జప్తు పిటిషన్ వేయించండి. బేరం మాట్లాడిన మనుషుల పేర్లు, బ్రోకరు పెట్టిన మెసేజీ, ఏదో ఒక ఆధారం ఉండాలి, ఉత్త అనుమానానికి కోర్టు జప్తు ఇవ్వదు. ఇది ఆలస్యం చేస్తే రేపు సైటు బావమరిది పేరు మీదికి పోతుంది, ఆ తర్వాత ఐపీ (దివాలా పిటిషన్) పెడతాడు. అప్పుడు డిక్రీ వచ్చినా దాన్ని అమలు చేసుకోవడానికి అతని పేర ఏమీ మిగలదు.

ఆదోని వెళ్లొచ్చాక అతను ఏం రాసిచ్చాడో, ఏం కాదన్నాడో తేదీతో సహా రాయండి. నోటు రెండు వైపులా ఫోటో తీసి మీ దగ్గర ఉంచుకోండి, పేర్లు కనిపించే ఫోటోలు మాత్రం ఇక్కడ పెట్టకండి. జూలై 20 దాకా అతని నుంచి సంతకం రాకపోతే, 21న మీరు వకాలతు మీద, అంటే వకీలుకు కేసు అప్పగించే కాగితం మీద, సంతకం పెట్టాలి.